ఒక్క రోజు సెలవు

తోంగ్యోంగ్ రేవులోకి ఆల్చిప్పల పడవలు వచ్చే వేళకి మిసుక్ వంటింట్లో రెండో పొయ్యి కూడా వెలిగించింది. ఒకదాని మీద అన్నం ఉడుకుతోంది. రెండోదాని మీద సముద్రనాచు సూపు. ఆ రోజు వాళ్ళక్క హ్యెరాన్ పుట్టినరోజు. బిడ్డను కన్న తల్లికి మొట్టమొదట పట్టేదీ ఆ సూపే, ఆ బిడ్డ ఏటా పుట్టినరోజుకి తాగేదీ ఆ సూపే. అమ్మ ఇప్పుడు చేసే స్థితిలో లేదు కాబట్టి, తను చేస్తే తప్పేముందని మిసుక్ పొద్దున్నే లేచింది.

హ్యెరాన్ ముందురోజు సాయంత్రమే బెర్లిన్ నుంచి దిగింది. పంతొమ్మిదో ఏట యూరప్‌లో పెద్ద పియానో పోటీ గెలిచిన దగ్గర్నుంచి ఆమెకి సూట్‌కేసు సర్దుకోవడమే సంసారం అయిపోయింది. వియన్నా, లండన్, టోక్యో, బ్యూనస్ ఎయిర్స్, అన్నిచోట్లా వాయించింది గానీ సొంతూళ్ళో ఎప్పుడూ వాయించలేదు. ఆ ముచ్చట మర్నాడు తీరబోతోంది. రేవు రోడ్డు పొడవునా ఆమె బొమ్మతో బ్యానర్లు కట్టారు. మా ఊరి పిల్ల అని అందరూ రొమ్ము విరుచుకుంటున్నారు. ఆమె ఏం వాయిస్తుందని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు.

బల్ల ముందు కూర్చున్న అక్క ముందు మిసుక్ వేడివేడి గిన్నె పెట్టింది. హ్యెరాన్ కాసేపు దానికేసి చూసి, మెల్లిగా పక్కకి జరిపింది.

"రేపు కచేరీ ఉంది కదే. నాచు తాగితే వేళ్ళు జారతాయి."

మిసుక్‌కి చివుక్కుమంది. "నలభై దాటాయి నీకు. నాచు తాగితే జారి పరీక్ష తప్పుతామని భయపడే పిల్లలా ఇంకా ఈ చాదస్తం ఏంటక్కా?"

"చాదస్తం నాది కాదు, అమ్మది. పదకొండో ఏట నన్ను సియోల్లో టీచరుగారింట్లో దింపిన దగ్గర్నుంచి నా పుట్టినరోజుకి ఇది ఎవరూ పెట్టలేదు. ఎప్పుడూ ఏదో ఒక పోటీ అడ్డొచ్చేది. అలవాటు తప్పిపోయింది, అంతే."

మిసుక్ గిన్నె మీద మూత పెట్టింది. తర్వాత, ఎలాగూ చెప్పక తప్పదు కదా అని, నెల రోజులుగా దాచుకున్న మాట బయటపెట్టింది. సోమవారం నాడు అమ్మని కొండవైపున్న వృద్ధాశ్రమంలో చేర్చబోతోంది. మతిమరుపు ముదిరింది. పోయిన శరత్కాలంలో ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బస్టాండుకి వెళ్ళిపోయి, సియోల్ బస్సెప్పుడని కనబడ్డ వాళ్ళనల్లా అడుగుతూ చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది. ఎందుకే అమ్మా అంటే చెప్పదు. ఆ తర్వాత కూడా రెండుసార్లు అలాగే వెళ్ళింది.

హ్యెరాన్ ఒప్పుకోలేదు. మంచి మనిషిని పెట్టమంది, ఎంతైనా తను పంపుతానంది.

"మనుషుల్ని పెట్టాను, నిలబడలేదు. నువ్వు పంపడం లేదని నేనెప్పుడైనా అన్నానా? ఒక్క నెల ఇక్కడుండి, అమ్మని చూసి, అప్పుడు చెప్పు వద్దని."

"వచ్చే వారం ప్రాగ్‌లో ఉండాలి."

"అవున్లే. నువ్వెప్పుడూ ఎక్కడో ఉండాలి."

ఆ మాటతో హ్యెరాన్ లేచి నిలబడింది. పద్ధతిగా, మెల్లిగా మాట్లాడే మనిషి గొంతు ఒక్కసారిగా పెరిగింది. "నన్ను ఉండమన్నదెవరే? నీకు అమ్మ దక్కింది. నాకు పియానో దక్కింది. నీకు ఏటా ఈ సూపు కాచి పెట్టింది. నన్ను ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఇంటికి రావే అని పిలిచిందా? నా పేరు పేపర్లో పడాలనుకుంది, పడింది. ఇంక నేనెందుకు ఆవిడకి?"

మిసుక్ జవాబు చెప్పబోతుండగా గది తలుపు తెరుచుకుంది. అమ్మ బయటికొచ్చింది. పెళ్ళిళ్ళకి వేసుకునే ఊదారంగు కోటు తొడుక్కుని, జుట్టు నీళ్ళతో అణిచి దువ్వుకుని, చేతిబ్యాగు పట్టుకుని ఉంది. నల్ల బట్టల్లో, జుట్టు వెనక్కి ముడేసి నిటారుగా నిలబడ్డ హ్యెరాన్ని చూడగానే ఆవిడ ముఖంలో భయభక్తులు కనబడ్డాయి. నడుం వంచి నమస్కారం పెట్టింది.

"పొద్దున్నే వచ్చి ఇబ్బంది పెడుతున్నాను టీచరుగారూ. ఏమనుకోకండి."

"అమ్మా, నేను. హ్యెరాన్‌ని."

అమ్మ మర్యాదగా నవ్వింది. "హ్యెరాన్ మీ మాట వింటోందా అండీ? మొండిది. అయినా మనసు మంచిదండీ." అంటూనే బల్ల మీది గిన్నె మూత తీసి చూసి, ఒక్క అడుగు వెనక్కి వేసింది. "ఇది నేను తేలేదండీ. మీరు పోయినేడు వద్దన్నారుగా. గుర్తుంది."

మిసుక్ అమ్మ చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళబోయింది. హ్యెరాన్ వద్దన్నట్టు చెయ్యి చూపించింది. నేను ఏమన్నానండీ, అని టీచరుగారిలాగే అడిగింది.

"పోటీ దగ్గర్లో ఉంది, ఇది తాగితే జారిపోతుంది, మిమ్మల్ని చూస్తే పిల్ల మనసు చెదురుతుంది, పట్టుకుపొండి అన్నారు. మీరన్నది సబబే. నాకేం తెలుసు?" అమ్మ గొంతు తగ్గించింది. "మీకు చెప్పకుండా కాసేపు గేటు దగ్గర నిలబడ్డానండీ. లోపల వాయిస్తోంది. మా పిల్ల చెయ్యి నాకు తెలుసు. చాలాసేపు విని వెళ్ళిపోయాను. ఫ్లాస్కులో ఉన్నది పారబొయ్యడానికి చేతులు రాలేదు. బస్సులో నేనే తాగేశాను. కన్నదాన్నే కదా, నేను తాగితే తప్పు లేదనుకున్నాను."

హ్యెరాన్‌కి ఆ పుట్టినరోజు బాగా గుర్తుంది. పన్నెండు నిండిన రోజు. ఎవరైనా వస్తారేమోనని పొద్దున్నించీ చెవులు రిక్కించి, ఎవరూ రాకపోయేసరికి పియానో ముందు కూర్చుని చేతులు నొప్పెట్టేదాకా వాయించింది. ఏడుపంతా వేళ్ళలోకి దింపింది. ఆ కసితోనే ఆ పోటీ గెలిచింది. తర్వాతివన్నీ కూడా ఆ కసితోనే గెలిచింది. తనని వద్దనుకున్న తల్లికి చూపించాలని ఊళ్ళకి ఊళ్ళు తిరిగి వాయించింది. ఆ మొదటి రోజున గేటవతల నిలబడి విన్నది ఆ తల్లేనని ఆమెకి ఇప్పుడు తెలిసింది. ఈ సంగతి ముందే తెలిస్తే బాగుండేదా, తెలిస్తే అసలు తను పియానిస్టు అయ్యేదా అన్నది ఆమెకి తేలలేదు.

"ఈ ఏడైనా ఒక్క రోజు సెలవిప్పించండి" అంది అమ్మ. "సూపు పెట్టనులెండి. వేరే ఏదైనా కడుపునిండా పెట్టి, మర్నాటికల్లా తీసుకొచ్చి దింపుతాను."

మిసుక్ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"తీసుకెళ్ళండి" అంది హ్యెరాన్. "సూపే పెట్టండి. ఒక్క రోజెందుకు, ఎన్నాళ్ళైనా ఉంచుకోండి."

"పోటీలో జారదాండీ?"

"జారినా ఏం కాదు. చిన్నపిల్ల."

అమ్మ ముఖం ఎంత వెలిగిపోయిందో చెప్పలేం. గబగబా గుమ్మం దగ్గరికెళ్ళి, మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంది. "అయితే పిలవండి టీచరుగారూ. బస్సు టైమవుతోంది. నేనిక్కడే ఉంటాను." అని లోపలి గది తలుపుకేసి చూసింది.

హ్యెరాన్ కూడా అటే చూసింది. అడిగిన సెలవు ఇవ్వగలిగింది గానీ, ఆ పన్నెండేళ్ళ పిల్లని ఎక్కణ్ణించి తెస్తుంది? వెళ్ళి అమ్మ పక్కన మెట్టు మీద కూర్చుంది. మిసుక్ వచ్చి రెండోపక్క కూర్చుంది.

"ప్రాగ్ వెళ్ళనే" అంది హ్యెరాన్ చెల్లెలితో. "కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను. ఆ తర్వాత నువ్వు ఏది మంచిదంటే అదే చేద్దాం." మిసుక్ తలూపి, అమ్మ వెనక నుంచి చెయ్యి చాపి అక్క భుజం మీద వేసింది.

అమ్మకి ఈ మాటలేవీ పట్టలేదు. "ఇంత ఆలస్యం చేస్తోందేంటండీ? ఇన్నాళ్ళూ రాలేదని నా మీద కోపమేమో."

"ఉండేదండీ" అంది హ్యెరాన్. "ఇప్పుడు లేదు."

"అయితే వస్తుందిలెండి" అని అమ్మ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఆ తలుపుకేసే చూస్తూ కూర్చుంది.