గోడతో సవతి పోరు

నా కూతురు నేనెత్తుకుంటే ఏడుస్తుంది, పడగ్గది గోడ వైపు తిప్పితే నవ్వుతుంది. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది కానీ, నాకు ఆ గోడంటే కడుపుమంట.

గోడంటే మొత్తం గోడ కూడా కాదు. బీరువా పక్కన చెమ్మకి పెయింటు ఉబ్బిపోయి, నల్లగా బూజు పట్టిన జానెడు మచ్చ. దగ్గరికెళితే ఆరని బట్టల వాసన. పిల్ల దానివైపు చేతులు చాపి కేరింతలు కొడుతుంటే మా ఆయన, పోనీలే అక్కడే పడుకోబెట్టు, హాయిగా నిద్రపోతుందిగా అనేవాడు. మోసిందీ నేనే, కన్నదీ నేనే, ముద్దులు మాత్రం గోడకా? సవతైతే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. గోడని ఏం పట్టుకుంటాను?

ఇంతలో పిల్లకి పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరమ్మ ఛాతీ చూసి, ముందు ఆ బూజు వదిలించుకోండి, లేకపోతే ఊపిరికే ప్రమాదం అంది. నిజం చెప్పొద్దూ, భయంతో పాటు సంతోషం కూడా వేసింది.

మర్నాడే పెయింటర్‌ని పిలిచాను. అతను పెచ్చులు కొంత రాలగొట్టి లోపల తడిమి చూశాడు. పైపు లేదట, లీకు లేదట, ఇటుక పొడిగానే ఉందట.

"మరి పైన ఈ తడేంటి?"

"తెలీదమ్మా. వెచ్చగా ఉంది." చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

మిగతాది నేనే గోకాను. బ్లీచింగ్ పోసి, భుజం గోడకి ఆనించి, కసిదీరా రుద్దాను. చెంపకి ఊపిరి లాంటిది తగిలింది... ఆగలేదు. సాయంత్రానికి గోడ తెల్లగా ఆరిపోయింది.

పిల్లని ఎత్తుకున్నాను. ఏడవలేదు. నా ఎడమ భుజం వైపు చూసి కేరింత కొట్టింది. అక్కడే మొహం దాచుకుని నిద్రపోయింది. మొదటిసారి... నా దగ్గర. గెలిచానని ఏడుపొచ్చింది.

"నీ నైటీ తడిసిందేంటి?" మా ఆయన గుసగుసగా అడిగాడు.

అద్దంలో చూసుకున్నాను. భుజం మీద చెమ్మ. నైటీ పక్కకి జరిపాను. చర్మం మీద నల్లటి చుక్కలు... తడి తడిగా. పిల్ల గొంతులో సన్నగా పిల్లికూత. బ్లీచింగ్ డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంది.

"చెమట" అన్నాను, తువ్వాలు కప్పుకుంటూ.

తువ్వాలు కింద అది మెల్లగా ఉబ్బింది... తగ్గింది. నా ఊపిరితో కాదు. పిల్ల ఊపిరితో.