మైల మినహాయింపు

సాయంత్రం ఆరయ్యేసరికి కాకినాడ ఊరు ఊరంతా ఎవరికి వారే మాట్లాడుకోవడం మొదలుపెడుతుంది. బజ్జీల బండివాడు కాగే నూనెను గాలికొదిలేసి, ఎదురుగా గాల్లో తేలుతున్న కెమెరా కటకంలోకి చూసి నవ్వుతాడు. బస్సు డ్రైవరు బస్సును పక్కకు ఆపి మరీ ఆనాటి ముచ్చట చెబుతాడు. ప్రయాణికులు విసుక్కోరు. వాళ్లూ అదే పనిలో ఉంటారు. అది 2076వ సంవత్సరం. ఎవరి వీడియో వాళ్లు చేసుకోవడమే తప్ప పక్కవాడిది చూసే తీరిక ఎవరికీ లేదు.

దీన్ని వెయ్యి రోజుల పందెం అంటారు. మొదట్లో సరదాగానే మొదలైంది. తర్వాత ఉద్యోగాలిచ్చేవాళ్ల కన్ను దాని మీద పడింది. రోజుకొక వీడియో చొప్పున వెయ్యి రోజులు తప్పకుండా పెట్టినవాడు ఏ పనైనా నమ్మకంగా చేస్తాడని వాళ్లు తేల్చేశారు. ఇప్పుడు ఆ వెయ్యి పూర్తి చేయనివాళ్లకు పర్మనెంటు కొలువు లేదు. పూర్తి చేస్తే బతికినంత కాలం మళ్లీ కెమెరా మొహం చూడక్కర్లేదు. మధ్యలో ఒక్క రోజు తప్పినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.

మామూలు మనిషి వల్ల అయ్యే పనేనా ఇది? కాదు. అందుకే డాక్టర్ హైమవతి నిలకడ పట్టీ కనిపెట్టింది.

అది నుదుటికి కట్టుకునే రెండు వేళ్ల వెడల్పు పట్టీ. మనిషి ఒక పనికి పూనుకునే ముందు మెదడు ముందుభాగంలో, అంటే ఫ్రంటల్ కార్టెక్స్‌లో, చిన్న విద్యుత్ తరంగం ఒకటి లేస్తుంది. ‘ఇవాళ కాదులే, రేపు చూద్దాం’ అన్న బుద్ధి అక్కడే పుడుతుంది. హైమవతి దానికి వాయిదా తరంగం అని పేరు పెట్టింది. పట్టీ ఆ తరంగాన్ని పసిగట్టి, ఎదురు తరంగం పంపి అణిచేస్తుంది. వీడియో విషయంలో మాత్రమే సుమా. మిగతా పనుల జోలికి పోదు.

కనిపెట్టిన మనిషే కట్టుకోకపోతే లోకం నమ్మదు కదా. హైమవతి కూడా కట్టుకుంది. రోజుకొక నరం గురించి నిమిషం పాటు చెబుతుంది. ఇవాళ ఆమెకు తొమ్మిది వందల ముప్పై ఒకటో రోజు. నలభై మూడేళ్ల మనిషి అరవై ఏళ్లదానిలా కనిపిస్తోంది. అన్నం సయించడం లేదు. నిద్రలో కూడా పెదవులు కదులుతున్నాయని తల్లి చెప్పింది. పట్టీ బద్ధకాన్ని తీసేస్తుంది గానీ అలసటను తీసేయలేదు.

ఈ పందేనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. మొదటి ఏడాది తునిలో ఒకాయన తండ్రి శవాన్ని హాల్లో పడుకోబెట్టి, వంటింట్లో నిలబడి గోంగూర పచ్చడి చేసి చూపించాడు. జనం ఛీ అన్నారు. మనకు పద్ధతీ పాడూ లేవా అని పెద్దలంతా కూర్చుని కొత్త నిబంధన రాశారు. ఇంట్లో మనిషి పోతే పదకొండు రోజులు మైల. ఆ పదకొండు రోజులూ పట్టీ తీసేయాలి, కటకం కట్టేయాలి, వీడియోలు పెట్టినట్టే లెక్క. మర్యాద తెలిసినవాళ్లు రాసిన నిబంధన అని అందరూ మెచ్చుకున్నారు. హైమవతి కూడా దాని మీద సంతకం పెట్టింది.

ఆ మధ్యాహ్నం ప్రయోగశాలలో ఆమె సహోద్యోగి రజాక్ ఒక గ్రాఫు తెర మీద పెట్టాడు.

“ఏంటి రజాక్ గారూ, చెప్పండి.”

“పట్టీ కట్టుకున్నోళ్ల ఇళ్లల్లో ముసలోళ్ల చావులండి ఇవి. ఎనిమిదొందల రోజులదాకా మామూలుగానే ఉన్నాయి. తొమ్మిదొందలు దాటేసరికి మూడు రెట్లయిపోయాయండి.”

హైమవతి తెర దగ్గరికి జరిగింది. లెక్కలు చూసే యంత్రాన్ని అడిగింది. దాన్ని వాళ్లు గణని అని పిలుస్తారు.

“గణనీ, పట్టీ వల్ల పెద్దవాళ్లకేమైనా హాని జరుగుతోందా?”

“పట్టీ వారిని తాకదు,” అంది గణని. “కట్టుకున్నవారిలో మాత్రం ఒక మార్పు ఉంది. వీడియో దగ్గర అణచిన వాయిదా తరంగం నశించడం లేదు. మిగతా పనుల మీదికి మళ్లుతోంది. దంతవైద్యం, పన్నులు, ఫోన్లు, పలకరింపులు, అన్నీ వాయిదా పడుతున్నాయి.”

“ఆసుపత్రికి తీసుకెళ్లడం?”

“అది కూడా.”

“మందులు?”

“వేళ గుర్తుచేసి లెక్క రాసే మందుల పెట్టెలన్నీ వేళకే తెరుచుకున్నాయి. మాత్రలు బయటికి తీశారు. అందులో లోపం కనిపించలేదు.”

రజాక్ గొంతు తగ్గించాడు. “తప్పుగా అనుకోకండి మేడం గారూ. ఇంకో వంద రోజులుండగా ఇంట్లో పెద్దాయనకి ఆయాసం వచ్చిందనుకోండి. అంబులెన్సుకి ఎంత తొందరగా ఫోన్ చేత్తారండి? మైల సెలవు కోసమని ఎవరూ కావాలని చెయ్యరండి. ఓ పావుగంట చూద్దాం అనుకుంటారు. అంతే.”

హైమవతి లేచి నిలబడింది. ఆమె తల్లి శిరీషకు డెబ్బై నాలుగేళ్లు. గుండె జబ్బు మనిషి. నెల రోజులుగా మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందని అంటోంది. హైమవతి ఆమె గుండె పరీక్షను మూడుసార్లు వాయిదా వేసింది. అది తలుచుకోగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

“నేను ఇంటికెళ్తున్నాను. అమ్మని ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పట్టీని ఆపేయమని రేపు పందెం కమిటీకి రాద్దాం.”

“ఇవాళే రాద్దామండి.”

“వచ్చి రాస్తాను.”

ఇంటికి చేరేసరికి అయిదున్నర. శిరీష వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కాళ్లు వాచి ఉన్నాయి.

“ఏంటే, ఇంత పెందలాడే వచ్చేశావ్? ఒంట్లో బాగానే ఉందా?”

“లే అమ్మా. చీర మార్చుకో. ఆసుపత్రికి వెళ్దాం.”

“ఇప్పుడేం మునిగిపోయిందే? నీకు ఆరింటికి పనుంది కదా. కూచో, టీ పెడతాను.”

“నేను పెడతాను, నువ్వు లేవకు.”

హైమవతి వంటింట్లోకి వెళ్లి ఏలకుల కోసం పోపుల డబ్బా తీసింది. ఆమె వంటింట్లోకి అడుగుపెట్టి ఏడాది దాటింది. మూత తీస్తే ఆవాలు, జీలకర్ర, మెంతులు ఉన్నాయి. నాలుగో గిన్నె నిండా గులాబీ రంగు మాత్రలు ఉన్నాయి. గుండె మాత్రలు. నెల రోజులవి ఉంటాయి. పెట్టె తెరుచుకోవడమూ నిజమే, మాత్రలు బయటికి తీయడమూ నిజమే.

డబ్బా పట్టుకుని వరండాలోకి వచ్చింది. దాన్ని తల్లి ముందు నేల మీద పెట్టింది.

“ఏంటమ్మా ఇది?”

శిరీష తలెత్తి చూసింది. దొంగతనం బయటపడ్డ చిన్నపిల్లలా నవ్వబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయింది.

“కోప్పడకే. మన వీధిలో పార్వతీశం గారూ ఇలాగే మాత్రలు మానేసి పోయారు, వాళ్లబ్బాయి కోసం. ఆ చివరింట్లో మాధురి కూడా. మేమందరం పార్కులో కూచున్నప్పుడు మాట్లాడుకుంటాం. పిల్లల్ని అలా చూత్తా చూత్తా ఉండలేకపోతున్నాం. మీకు సెలవిచ్చేది మేమొక్కళ్లమే కదా.”

“అమ్మా!”

“పదకొండు రోజులు కడుపునిండా పడుకుంటావు. ఆ తర్వాత మిగిలినవి ఓ లెక్కా ఏంటి? నాకెలాగూ వయసైపోయింది. నాకు నొప్పేం లేదే, ఆయాసం అంతే.”

హైమవతి నేల మీద కూలబడి, తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. యంత్రానికి కనిపించని లోపం ఇదన్నమాట. వాళ్లను ఎవరూ చంపలేదు. పిల్లల మీద జాలి పడి వాళ్లంతట వాళ్లే పోయారు. తను సంతకం పెట్టిన కాగితం కోసం పోయారు.

“ఇకమీదట నా కళ్లెదుటే వేసుకోవాలి. తెలిసిందా?” అంది వెక్కుతూ.

“సరేలే. ముందు మొహం కడుక్కో. టైమవుతోంది.”

నుదుటి మీద పట్టీ సన్నగా అదిరింది. ఏడుపు దానంతటదే ఆగింది. హైమవతి మొహం కడుక్కుని, కటకం ముందు నిలబడి, గుండెకు వెళ్లే నరం గురించి నిమిషం పాటు చక్కగా చెప్పింది. ఒక్క మాట తడబడలేదు. తొమ్మిది వందల ముప్పై ఒకటి పూర్తయింది.

తర్వాత కుర్చీలో వాలింది. ఆసుపత్రికి బయల్దేరాలి. రజాక్‌కు ఫోన్ చేయాలి. కమిటీకి రాయాలి. ఒళ్లంతా సీసం పోసినట్టుంది. ఇంకా అరవై తొమ్మిది రోజులు. పదకొండు తీసేస్తే యాభై ఎనిమిది. ఆ తీసివేత తనే చేసిందా, దానంతటదే జరిగిపోయిందా ఆమెకు తెలియలేదు. పొద్దున్నే వెళ్దాంలే అనిపించింది. అలా అనిపించడాన్ని ఏమంటారో ఈ లోకంలో అందరికంటే బాగా ఆమెకే తెలుసు. తెలిసినా లేవలేదు.

తల్లి గోడ పట్టుకుని నెమ్మదిగా లేచింది. కింద మాత్రలతో ఉన్న పోపుల డబ్బాను చేతిలోకి తీసుకుని కూతురి వైపు చూసింది.

“దీన్నేం చెయ్యమంటావే?”

హైమవతి కళ్లు మూసుకుంది.

“ఎక్కడుండేదో అక్కడే పెట్టేయమ్మా.”