ఉప్పు గోడ

మాణిక్యాంబ గోడను గోటితో గీకి, ఆ పొడిని నాలుక మీద వేసుకుంది. పర్శరాములుకు ఒళ్లు మండింది.

"ఇల్లు సూడనీకి వచ్చినవా, తిననీకి వచ్చినవా?"

"ఉప్పండీ! సముద్రపు ఇసకతో పూశారు. రెండు నెలల్లో పెచ్చులూడిపోద్ది. మా నాన్న తాపీమేస్త్రీ. నాకు తెలీదనుకున్నారా?"

అది 1979. అజ్మాన్‌లో లాభానికని కొన్న పాత ఇంటిని బాగుచేసి అద్దెకిచ్చే పని కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, పర్శరాములుకు అప్పగించాడు. ఆసుపత్రి తన నర్సులకు ఇంటి అద్దె తానే కడుతుంది, అందుకని అలాంటివాళ్లే కావాలని కఫీల్ పట్టు. నెలాఖరులోగా ఆసుపత్రి లెటర్‌తో ఎవరూ రాకపోతే ఖలాస్, పర్శరాములు మళ్లీ జెబెల్ అలీ కూలీల క్యాంపుకే. తీరా వచ్చిన ఒక్క నర్సూ గోడ రుచి చూసింది!

"మంచినీళ్లు ట్యాంకర్ల వస్తయ్. ఇసుక కడగనీకి యాడికెళ్లి తేవాలె?"

"అందుకని రంగేసి దాచేశారా? సిగ్గులేదూ!"

ఆమె వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం పోలేదు. మర్నాడు పొద్దున్నే కోపమంతా సుత్తి మీద చూపించి, పూసిన పూతంతా రాలగొట్టాడు.

సాయంత్రం డ్యూటీ దిగి ఆమె మళ్లీ వచ్చింది, నీళ్ల క్యాన్ మోసుకుంటూ.

"ఇసక కడగడానికి. తాగేసేరు!"

"నిన్నెవరడిగిన్రు?"

"ఎవరడగాలి?"

మూడు వారాలు రోజుకో క్యాన్, రోజుకో జగడం. ఆమె ఆలస్యంగా వస్తే అతనికి కోపం. వస్తే ఇంకా కోపం.

కడిగిన ఇసుకతో పూసిన కొత్త పూత ఆరాక ఆమె మళ్లీ గీకి రుచి చూసింది. అతను ఊపిరి బిగబట్టాడు.

"ఉప్పు లేదు," అంది ముఖం ముడుచుకుని.

"మరి అద్దె కాయితం మీద సంతకం పెట్టు!"

"ఎలా పెడతాను? పెళ్లికానోళ్లకి ఆసుపత్రి ఒక్క గదికే అద్దె కడుతుంది. ఇక్కడ రెండున్నాయి."

"గీ ముచ్చట మూడు వారాల సంది ఎందుకు చెప్పలే?"

"చెబితే రావద్దంటారని!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని చేతిలోని తాపీ జారి కిందపడింది. ఇన్నాళ్లూ తనకు వచ్చింది ఒట్టి కోపం కాదని పర్శరాములుకు అప్పుడు తెలిసింది.

"ఆసుపత్రి లెటర్లో భర్త పేరు దగ్గర ఖాళీ ఉంది," అందామె కసిరినట్టే. "నాన్నకి రాసి అడిగాను. తన తప్పు తనే రాలగొట్టుకున్న మేస్త్రీని వదులుకోవద్దన్నారు. ఇంక మీరే ఆలస్యం. అవతల బస్సెళ్లిపోద్ది!"

"పర్శరాములు అని రాయి," అని అరిచాడతను. "తప్పుల్లేకుంట!"