డాక్టరు నడక

శనివారం పొద్దున ఒడెస్సా మొక్కజొన్న జావ వడ్డిస్తోంది. బల్ల మీద లండన్ ఉత్తరం తెరిచి ఉంది. అక్కడి సినిమా కంపెనీ ఆమె భర్త రాస్కోకి డాక్టరు వేషం ఇస్తానంది. జవాబు ఇవాళే తంతి కొట్టాలి.

మాటల సినిమాలొచ్చిన కొత్త. లాస్ ఏంజెలస్‌లో పదకొండేళ్ళుగా రాస్కోకి దక్కినవన్నీ నౌకరు వేషాలే. దొర కోటు పట్టుకో, దెయ్యాన్ని చూసి గుడ్లు తేలెయ్యి, అంతే. నల్లవాడికి ఇంకో బతుకు ఉంటుందని ఆ స్టూడియోలకు తోచదు. తోచినా చూపించరు.

"వెళ్ళడానికి వీల్లేదు," అన్నాడు రాస్కో తండ్రి ఆంబ్రోస్. ముప్పై ఏళ్ళు రైళ్ళలో తెల్లవాళ్ళ పక్కలు వేసి, బూట్లు తుడిచి ఇంటికొచ్చిన మనిషి. "ఇక్కడ చేతిలో పని ఉంది. చర్చిలో అందరూ నిన్ను తెర మీద చూశామంటున్నారు."

"చూసి నవ్వుతున్నారు నాన్నా."

"నవ్వనీ. ఒళ్ళు అరిగిపోతుందా? నేను పడలేదూ? ఆ కూడే కదరా నువ్వు తిన్నది!"

"మీరు పడింది చాలదా మామయ్యా, తనూ పడాలా?" అంది ఒడెస్సా.

"నువ్వూరుకో అమ్మాయ్. వీడు డాక్టరా? ఏదీ, చేసి చూపించమను!"

రాస్కోకి పౌరుషం వచ్చింది. బయటికెళ్ళి తలుపు వేశాడు. మెల్లగా తట్టాడు. టోపీ గుండెలకు హత్తుకుని, భుజాలు వంచి లోపలికొచ్చి, గోడవారగా నిలబడ్డాడు.

ఒడెస్సా పకపకా నవ్వింది. "డాక్టరుగారూ, టోపీ అలా పట్టుకుంటే చిల్లర వేస్తారు!"

మళ్ళీ వెళ్ళొచ్చాడు. మళ్ళీ అదే వంగుడు. "రావడం లేదే," అన్నాడు రాస్కో, మొహం మాడిపోయి.

ఆంబ్రోస్ నవ్వలేదు. "ఆ వంగడం ఎక్కడ నేర్చావురా?"

రాస్కో చేతిలో టోపీకేసి చూసుకున్నాడు. "మొదటి వేషానికి ఎలా నిలబడాలో తెలీలేదు. నిన్ను తలుచుకుని చేశా. దొరలు భలే ఉందన్నారు."

ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను వంగింది నువ్వు నిలబడాలని. నీకు నేర్పాలని కాదురా."

కుర్చీ పట్టుకుని లేచాడు. నడుం నిటారు చెయ్యబోయాడు. సగంలో ఆగింది.

"నాకూ రావడం లేదు. నువ్వు చెప్పమ్మా ఒడెస్సా. నువ్వెప్పుడూ ఎవడికీ వంగలేదు."

"మీకూ వంగలేదు మామయ్యా!"

"ఎరుగుదునులే."

తండ్రీకొడుకులిద్దరూ టోపీలు తీసుకుని బయటికి నడిచారు. ఒడెస్సా తలుపేసి లోపల్నుంచి అరిచింది. "తట్టొద్దు! టోపీ నెత్తి మీదే! ఇల్లు మీదేనని గుర్తుంచుకుని రండి!"

తలుపు దభాలున తెరుచుకుంది. ముందు ఆంబ్రోస్ వచ్చాడు, వెనకే రాస్కో, భుజాలు వంచకుండా. ఇద్దరి టోపీలూ నెత్తి మీదే ఉన్నాయి.

"ఆ తంతి కాగితం ఇటివ్వు," అన్నాడు ఆంబ్రోస్. "డాక్టరు వస్తున్నాడని నేనే రాస్తాను."