నాయనకు వచ్చిన ఇటాలియన్

ఆ ఉదయం పెనుకొండలోని తమ ఇంటి పంచలో చెన్నకేశవులు ఇటాలియన్ వ్యాకరణం ముందేసుకుని కూర్చున్నాడు. రోము నగరంలో చదివేందుకు ఇచ్చే ఉపకారవేతనానికి సోమవారం మదరాసులో నోటి పరీక్ష. క్రియారూపాలన్నీ కంఠస్థమే గాని, నోరు తెరిస్తే మామూలు మాట ఒక్కటి పెగలడం లేదు. తండ్రి నారాయణ యుద్ధకాలంలో పటాలంలో లారీ తోలి, శత్రువులకు చిక్కి, ఇటలీలో ఖైదీగా ఉండి వచ్చినవాడు. అయితే అక్షరం రాని రైతు. ఆయన ముందు పలక పట్టడానికి ఎం.ఏ. చదివిన కొడుకుకు నామోషీ. చివరికి తల్లి పుట్టమ్మ పోరు పడలేక, వచ్చిన మాటలు చెప్పమని ఆయన్ను అడిగాడు.

నారాయణ ముఖం వెలిగింది. కాళ్లు కడుక్కుని వచ్చి, ఎందుకో గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టాడు.

"వియెని దెంత్రో. అంటే లోపలికి రా. నొన్ తొస్సీరె, దగ్గొద్దు. మాంజా, కె సి ఫ్రెద్దా. తినప్పా, సల్లారిపోతాది."

"ఇంకా?" నోటుబుక్కులో రాసుకుంటూ అడిగాడు కేశవులు.

"కదలొద్దు. పండుకో. వాళ్లు పోయినారు, ఇంగ బయటికి రా." ఒక్కొక్కటీ ఇటాలియన్‌లో పలికి అర్థం చెప్పాడు నారాయణ.

ఇంతలో కేశవులు పనిచేసే బడి ప్రధానోపాధ్యాయుడు మార్కండేయులు వచ్చాడు. "ఏం నారాయణప్పా, కొడుక్కే పాఠాలా?" అని నవ్వాడు.

కేశవులుకు తల కొట్టేసినట్లయింది. "పాఠమేముండాది సార్! రా, పో, తిను, పండుకో. ఆడ ఎవరింట్లోనో ఎంగిలి గిన్నెలు కడిగినట్టుండాడు. నౌకర్లతో అనే మాటలివి. మదరాసులో చెప్తే నగుతారు."

మార్కండేయులు నవ్వలేదు. నారాయణ తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

అతిథి వెళ్లగానే పుట్టమ్మ వంటింట్లోంచి విసురుగా వచ్చింది.

"కడుపు నిండెనా? నౌకరంట! జైల్లోంచి పారిపోయినోణ్ణి ఒక ముసిలామె గొడ్లకొట్టంలో గడ్డి కింద నాలుగు నెల్లు దాచిపెట్టింది. బయట సిపాయిలు తిరుగుతాంటే, ఒక్క దగ్గు వినపడినా ఇద్దర్నీ కాల్చేసేటోళ్లు. తాను తినే రొట్టెలో సగం పెట్టింది ఆ తల్లి. వేరే మతమోళ్లింట్లో తిన్యాడని తెలిస్తే మీ అవ్వ వాకిలి తొక్కనీదని, ఇన్నేళ్లు నాకు తప్ప ఎవురికీ చెప్పలా. నీ పరీక్షకని ఈ పొద్దు నోరిప్పినాడు."

కేశవులు నోటుబుక్కు వైపు చూశాడు. ఆ మాటలను వరుసగా మళ్లీ చదివాడు. ఈసారి వాటిలో భయంతో వణుకుతున్న ఒక ముసలి గొంతు వినిపించింది. పరాయి మనిషి ఎదుట తాను ఎగతాళి చేసింది తండ్రి ప్రాణాన్ని నిలబెట్టిన మాటలను.

పెరట్లో ఎద్దులకు మేత వేస్తున్న తండ్రి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయిపోయింది నాయనా."

"లెయ్యప్పా. నువ్వన్నదాంట్లో ఒకటి నిజమే. ఆ యమ్మ నాతో అన్నవి తప్ప నాకేమీ రావు. నేను ఆ యమ్మతో అనాల్సింది రానేలేదు. వచ్చేసేనాడు నా చెయ్యి పట్టుకుని ఏడ్సింది. మూగోని మాదిరి నిలబడి, వచ్చేస్తి." నారాయణ చేతిలోని మేత ఎద్దుల ముందు వేసి కొడుకు వైపు తిరిగాడు. "కేశవా, నిన్ను మర్సిపోను తల్లీ అని ఎట్లంటారు? నీ పుస్తకంలో ఉండాదా?"

"నొన్ తి దిమెంతికెరో, మమ్మా."

నారాయణ తువ్వాలు నడుముకు చుట్టి, చేతులు జోడించి, ఆ మాటను మెల్లగా పలికాడు. రెండోసారి కాస్త గట్టిగా పలికాడు. మూడోసారి సగంలో ఆగిపోయాడు. మిగిలిన సగం కేశవులు పూర్తి చేశాడు.