చీటీ వెనక జవాబు

"నాలుగో వీధిలో ఎన్ని బిల్డింగులున్నాయో తెలుసా మీకు?"

వానలో తడిసి ముద్దయిన ఓ పొడుగాటి మెకానిక్కు ఆమె టేబుల్ మీద చీటీ పెట్టి నిలబడ్డాడు.

"తెలీదు," అందామె తలెత్తకుండానే.

"పదిహేడు. లిఫ్టున్నవి తొమ్మిది. అందులో ఎనిమిది బిల్డింగులకి వెళ్లి 'మీ లిఫ్టు పాడైందా అండీ' అని అడిగాను. ఒకాయనైతే, బాగానే ఉంది, నువ్వే పాడుచేసేలా ఉన్నావన్నాడు."

ఆమె నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది.

లిఫ్టులు రిపేరు చేసే ఆ కంపెనీలో ఆమెకిది తొలి ఉద్యోగం, మూడో నెల. ఫోనెత్తడం, ఏ బిల్డింగు, ఎన్నో అంతస్తు, ఎప్పట్నుంచి అని అడగడం, చీటీ రాసి మెకానిక్కులకి పంపడం. రోజుకి నలభైసార్లు అవే మాటలు. కాలు ఒకచోట నిలవని పిల్లని ఇంట్లో నాన్న పాదరసం అని పిలిచేవాడు. ఆ పాదరసాన్ని ఎవరో సీసాలో పోసి బిరడా బిగించినట్టుంది ఇప్పుడు. పదకొండయ్యేసరికి గడియారం వంక ఆరుసార్లు చూసేది. పన్నెండింటికి కుర్చీని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టేది. సాయంత్రానికి కూర్చున్నచోటే ఒళ్లు హూనమయ్యేది. డ్రాయరులో రాజీనామా ఉత్తరం సిద్ధంగా ఉంది. తేదీ వేయడమే తరువాయి.

"బోర్ కొడుతోందా?" అన్నాడతను ఉన్నట్టుండి.

"మీకెలా తెలుసు?"

"మొదటి నెలలో 'ఆరో అంతస్తులో ఆగుతోంది, తలుపు తెరుచుకోవడం లేదు' అని ముచ్చటగా రాసేవారు. రెండో నెలలో 'ఆగుతోంది.' ఇప్పుడు వీధి పేరొక్కటే. వచ్చే నెల తెల్లకాగితం పంపుతారేమోనని భయంగా ఉంది."

తన చీటీల్ని ఇంత శ్రద్ధగా చదివే మనిషొకడున్నాడని ఆమెకి అప్పుడే తెలిసింది.

"మానేస్తానండీ. నా వల్ల కాదు."

"మానేయండి, ఎవరొద్దన్నారు? అందాకా మాత్రం ఫోను చేసినవాళ్లని ఒక్క ప్రశ్న ఎక్కువడగండి. ఫారంలో లేనిది, మీకు నిజంగా తెలుసుకోవాలనిపించింది."

"అడిగితే బోర్ పోతుందా?"

"ఏమో. నాకైతే అడ్రసు దొరుకుతుంది."

వెళ్తూ వెళ్తూ అతను తల వంచి గుమ్మం దాటాడు. తోటివాళ్లు అతన్ని నిచ్చెన అంటారని ఆమె తర్వాత తెలుసుకుంది.

మర్నాడు ఉబుసుపోక అడిగి చూసింది. "శబ్దం ఎలా వస్తోందండీ?" అవతలి పెద్దమనిషి గొంతు సవరించుకుని, ఆఫీసులోంచే కాబోలు, నిజంగానే అరిచి చూపించాడు. 'మూడో అంతస్తు దాటాక మేకలా అరుస్తోందట' అని రాసి పంపింది. సాయంత్రం తిరిగొచ్చిన చీటీ వెనక పెన్సిలు రాత. 'మేక కాదు, దూడ. బేరింగు మార్చాను. ఇక నోరెత్తదు.'

ఆ తర్వాత చీటీలు రెండువైపులా నిండసాగాయి. 'నీలం గేటు బిల్డింగు. ఫిర్యాదు చేసినావిడకి లిఫ్టు కంటే అల్లుడి మీద కోపమెక్కువ.' వెనకాల: 'రెండూ చూశాను. లిఫ్టే నయం.' విసుగు పూర్తిగా పోయిందని కాదు. మధ్యాహ్నాలు కుర్చీ తిరుగుతూనే ఉండేది. కాకపోతే అయిదున్నరకి మెకానిక్కులు చీటీలిచ్చే వేళకి తలుపు వైపు తిరిగి ఆగేది.

అంతలో కంపెనీ చీటీలు ఎత్తేసి యాప్ పెట్టింది. బిల్డింగు నొక్కాలి, లోపం నొక్కాలి, పంపాలి. రాసుకోవడానికి చోటే లేదు. మెకానిక్కులు ఆఫీసుకి రావడం మానేసి సరాసరి ఇళ్లకే వెళ్లిపోసాగారు.

మూడు వారాలు గడిచాయి. 'తలుచుకుంటే ఒక్కసారి రాలేడా?' అనుకుందామె. వెళ్లి పలకరిద్దామంటే ఏ ముఖం పెట్టుకుని? శుక్రవారం ఉత్తరం బయటికి తీసి తేదీ వేసింది.

మేనేజర్ గది వైపు అడుగేస్తుండగా ఫోను మోగింది.

"లిఫ్టు ఆగిపోయిందమ్మా," అంది ఓ ముసలి గొంతు.

"ఏ బిల్డింగండీ?" చెప్పిందావిడ. ఇంకేం, నొక్కి పెట్టేయొచ్చు. గొంతులోని వణుకు విని ఆగింది. "బామ్మగారూ, మీరెక్కడున్నారు?"

"లోపలే. కరెంటు పోయింది. చీకటి. ఊపిరాడ్డం లేదే తల్లీ."

ఆమె వెంటనే యాప్‌లో అర్జెంటని నొక్కి పంపింది. "మనవాళ్లు బయల్దేరారు. గాలికేం లోటుండదు, సందుల్లోంచి వస్తూనే ఉంటుంది. ఫోను స్పీకర్లో పెట్టి కూర్చోండి. నేనెక్కడికీ వెళ్లను."

"మాట్లాడుతూ ఉండమ్మా. ఏదో ఒకటి."

పావుగంటలో వాన, ధరలు, మోకాళ్ల నొప్పులు అన్నీ అయిపోయాయి. ఇంకేం మిగల్లేదు. ఆమె అతని గురించి మొదలుపెట్టింది. చీటీల సంగతి, మేక సంగతి.

"అమ్మో, కదులుతోంది!"

"భయం లేదు, పైన ఒకరు చేత్తో తిప్పి దించుతారు, కింద ఒకరు తలుపు తెరుస్తారు."

"సరే, మాట మార్చకు. తర్వాత?"

"తర్వాతేముంది బామ్మగారూ, రావడం మానేశాడు. నేనే పిచ్చిదాన్ని, అయిదున్నర ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. ఇప్పుడూ చూస్తున్నాను."

"వాడి పేరేంటే?"

"అందరూ నిచ్చెన అంటారు."

అవతల తలుపు జరిగిన చప్పుడు. ఆపైన పరిచయమైన గొంతు, తడబడుతూ. "ఇక్కడే ఉన్నానండీ."

ఆమె చెవులు వేడెక్కాయి. "ఎంతసేపట్నుంచి?"

"'మానేశాడు' అన్న దగ్గర్నుంచి. నేను మానలేదు. రాయడానికి కాగితమే లేదు. కంప్లైంట్ నంబరుకి చేద్దామంటే మా ఇంటికి లిఫ్టు లేదు."

"నాయనా," అంది బామ్మ, "కాస్త పక్కకి జరుగు. నేనింకా లోపలే ఉన్నాను."

ఆమె ఉత్తరం పట్టుకునే మేనేజర్ గదిలోకి వెళ్లింది. ఇవ్వలేదు. బయట తిరిగే పనిలో వేయమని అడిగింది. ఆయన అరగంట గడ్డం గోక్కుని, వచ్చే నెల నుంచి లిఫ్టుల తనిఖీకి వెళ్లమన్నాడు, మెట్లెక్కలేక మళ్లీ నా దగ్గరికి రాకూడదు సుమా అని.

ఆటో దిగేసరికి సన్నగా చినుకులు. ఆ బిల్డింగు మెట్ల మీద అతను, పక్కన వేడినీళ్ల గ్లాసుతో బామ్మ. ఆమెని చూడగానే బామ్మ లేచి, "నా మోకాళ్లు లాగుతున్నాయి," అని లోపలికెళ్లిపోయింది.

ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ముందే చెప్తున్నా. నాకు ఏదైనా తొందరగా బోర్ కొడుతుంది. పనైనా, మనుషులైనా."

అతను కాస్త జరిగి మెట్టు మీద చోటిచ్చాడు. "అయితే రోజుకో కొత్త కంప్లైంట్ చెప్తాను."

"ఇవాళ్టిది చెప్పండి మరి."

"మూడు వారాలుగా నిద్ర పట్టట్లేదు."

"'ఎప్పట్నుంచి' అని నేనడగలేదు. కారణం చెప్పండి," అంటూ ఆమె అతని పక్కన మెట్టు మీద కూర్చుంది.