ప్రయూన్‌కి పట్టిన సీటు

ప్రయూన్‌తో సినిమాకి వెళ్ళాలంటే ఊళ్ళో అందరికీ హడలే. మెకాంగ్ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్నంలో ఉన్నది ఒకటే హాలు, బుధవారం టికెట్ చవక. బుధవారం సాయంత్రం కాగానే ప్రయూన్, అతని భార్య సామ్లీ బస్టాండు దగ్గర తమ కాల్చిన కోడి బండిని కట్టేసి, ఒంటికి పట్టిన బొగ్గు వాసనతోనే హాల్లోకి వెళ్ళి కూర్చునేవాళ్ళు. ఇక చుట్టుపక్కల వాళ్ళ పని అయిపోయినట్టే. ప్రయూన్ నోటికి తాళం ఉండేది కాదు. ప్రియురాలిని వెతుక్కుంటూ హీరో వానలో తడుస్తూ ఊళ్ళన్నీ తిరుగుతుంటే, "వీడికి ఫోన్ లేదా? ఒక్క ఫోన్ చేస్తే అందరం ఇంటికెళ్ళి పడుకుంటాం కదా," అనేవాడు. దెయ్యం సినిమా అయితే, "చచ్చినదానికి గోళ్ళరంగు ఎవరేశారే?" అని అడిగేవాడు. హీరో ఒక్కసారైనా కూర్చుని కడుపునిండా అన్నం తినకపోతే అది అతని లెక్కలో సినిమాయే కాదు.

సామ్లీకి ప్రతి సినిమా నచ్చేది. పాట మొదలైతే చాలు, కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధం. ఇంటికి వెళ్ళే దారంతా ఇద్దరికీ పోట్లాటే. "ఇంక నీతో చస్తే రాను," అనేది ఆమె. "నువ్వు రాకపోతే నేను ఎవరి బుర్ర తినాలి?" అనేవాడు అతను. మళ్ళీ బుధవారం వచ్చేసరికి ఆమే ముందు తయారై కూర్చునేది. పిల్లల్లేని ఆ ఇంట్లో సందడి అంటే అదే.

ఇద్దరూ కలిసి చూసిన ఆఖరి సినిమా పడవ నడిపే అమ్మాయి కథ. నడినదిలో పడవ మునిగిపోయింది, నీళ్ళమీద అమ్మాయి చెయ్యి ఒక్కసారి కనిపించి మాయమైంది, మిగతాది రెండో భాగంలో అని చెప్పి హాల్లో లైట్లు వేసేశారు.

"అది తిరిగొస్తుంది చూడు," అంది సామ్లీ.

"ఎలా వస్తుందే? చచ్చింది కదా."

"చెయ్యి కదిలింది. నేను చూశాను."

"నీళ్ళలో పడేసిన కట్టెపుల్ల కూడా కదులుతుంది. రెండో భాగం రానీ, అది గనక తిరిగొస్తే హాల్లోనే లేచి నిలబడి ఇది అబద్ధం అని అరుస్తాను. నువ్వు పక్కన కూర్చుని సిగ్గుతో చావాలి."

రెండో భాగం వచ్చేలోపే ప్రయూన్ పోయాడు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బండి దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రి వరండాలో కూర్చుని సామ్లీ ఊరి చివరి తాత గుడికి మొక్కుకుంది; ఊరిని కాపాడే దేవుణ్ణి అక్కడ అందరూ తాత అనే పిలుస్తారు. మనిషిని ఇంటికి పంపించు తాతా, నీకు సినిమా వేయిస్తాను అని. ఆ చుట్టుపక్కల అందరి మొక్కూ అదే. కోరిక తీరితే నది ఒడ్డున తెర కట్టించి, ఖాళీ కుర్చీలు వేయించి, తాతకీ ఆయన కొలువులో తిరిగే ఆత్మలకీ ఒక సినిమా చూపిస్తారు. తాత ఆమె మాట వినలేదు.

వానలు పడుతుండగా రెండో భాగం హాలుకి వచ్చింది. ప్రయూన్ చెల్లెలు పికున్ బండి దగ్గరికి వచ్చి కూర్చుంది.

"వదినా, బుధవారం పోదామా? బ్రహ్మాండంగా ఉందట. మా ఆఫీసులో ఒకామె మూడుసార్లు చూసింది."

"నీతోనా?"

"నాతో ఏమైంది? మా అన్నలా వాగను. నోరు మూసుకుని చూస్తాను."

"అందుకే రాను," అంది సామ్లీ.

నవ్వుతూనే అంది గానీ, కోడి ముక్క తిరగేస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆ సినిమా ఇంకెవరి పక్కన కూర్చుని చూసినా ప్రయూన్ నిజంగా పోయినట్టే అని ఆమెకి అనిపించింది. అంత్యక్రియలప్పుడు కూడా అలా అనిపించలేదు. తాత గుడి ముందు తెర కట్టించి ఆ సినిమా వేయించాలని ఆ రాత్రే నిర్ణయించుకుంది.

"మొక్కు తీరలేదు కదా వదినా! తీరని మొక్కుకి సినిమా ఏమిటి?" పికున్ బిత్తరపోయింది.

"తాతకి కాదు. మీ అన్నకి."

"అక్కడికి మా అన్న ఒక్కడే వస్తాడా?" పికున్ గొంతు తగ్గించింది.

సినిమా హాల్లోంచి వెళ్ళిపోయాక, ఊరూరా తిరిగి తెర కట్టే చోమ్ దగ్గరికి చేరింది. సామ్లీ అతన్నే మాట్లాడుకుంది. పొద్దు వాలేవేళకి చోమ్ తన వ్యాను తాత గుడి ముందు ఆపి, నది ఒడ్డున తెర లాగి కట్టాడు. ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశాడు. వాన వెలిసి గడ్డి తడితడిగా ఉంది. గుడిలో అగరొత్తుల వాసన, జనరేటర్ డీజిల్ వాసన, వీటన్నిటి కిందా నది బురద వాసన. కప్పలు ఒకటే గోల.

"అక్కా, ఆట మొదలయ్యాక ఇంటికెళ్ళిపో," అన్నాడు చోమ్. "ఉంటానంటే వ్యాను వెనక ఉండు. కుర్చీల్లో మాత్రం బతికున్నవాళ్ళు కూర్చోకూడదు. ఇంకోటి, ఇక్కడ ఎవరికీ సీటు పట్టి ఉంచకూడదు. కుర్చీలు ఎవరొస్తే వాళ్ళవి. ఒకరి పేరు పెట్టి పట్టావనుకో, ఆ పేరు చెప్పుకుని ఎవరైనా కూర్చుంటారు. కూర్చున్నాక లెమ్మంటే లేవరు."

సామ్లీ సరేనంది. అతను మిషను సర్దుకోవడానికి వ్యాను ఎక్కగానే, సంచిలోంచి ప్రయూన్ గళ్ళ తువ్వాలు తీసింది. ప్రతి జాతరలో, ప్రతి తెర ముందూ ఆమె అలాగే సీటు పట్టేది. అతను ఎక్కడో ఎవరితోనో వాదన పెట్టుకుని ఆలస్యంగా వచ్చేవాడు మరి. ముందు వరసలో ఒక కుర్చీలో తువ్వాలు పరిచి, "ప్రయూన్, ఇదిగో, నీదే," అని మెల్లగా అంది. తర్వాత గుడిలోకి వెళ్ళి తాతకి అగరొత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకుంది.

తిరిగి వచ్చేసరికి తెరమీద వెలుగు పడింది. ఆమె వంగి వంగి వచ్చి తువ్వాలు పరిచిన కుర్చీ పక్కన కూర్చుంది.

సినిమా మొదలైంది. అమ్మాయి కోసం ప్రియుడు నది ఒడ్డున తిరుగుతున్నాడు. సామ్లీకి ఏమీ అనిపించలేదు, చల్లగాలి తప్ప. పిచ్చిదాన్ని, అనుకుంది. పికున్ విన్నదంటే ఏడాది పొడుగునా నవ్వుతుంది.

అప్పుడు పక్క కుర్చీ కిర్రుమంది.

బరువు పడితే ప్లాస్టిక్ కాళ్ళు తడి నేలలో దిగుతాయే, ఆ చప్పుడు. పక్కకి చూడొద్దని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అయినా చూడలేదు. చూస్తే ఉండడేమోనని భయం.

"వచ్చావా?" అంది తెరవైపే చూస్తూ.

"ఔను."

చాలా మెల్లగా, చెవి దగ్గర. సామ్లీకి ఏడుపు పొంగుకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నెలల తరబడి లోపల కూరుకుపోయినదంతా కళ్ళల్లోంచి కారిపోయింది. ఎన్ని చెప్పాలనుకుందో! బొగ్గు ధర, పికున్ కొన్న కొత్త స్కూటరు, రాత్రిళ్ళు మంచంలో అతని వైపు చెయ్యి చాచడం. ఏదీ నోట రాలేదు.

"ఈ పిల్లాడు బాగా చేస్తున్నాడు కదా," అంది చివరికి.

"ఔను. బాగా చేస్తున్నాడు."

"పాట కూడా బాగుంది."

"బాగుంది."

సామ్లీ ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. "చచ్చాక బుద్ధొచ్చిందా నీకు? నువ్వు లేకుండా సినిమాకి పోలేకపోయానయ్యా. అందరూ పిలిచారు. ఇంకెవరితోనూ చూడను. నువ్వు పక్కనుంటే చాలు నాకు, ఇంకేం వద్దు." ఈ మాట గట్టిగానే అంది. వెనక వ్యాను దాకా వినపడేంత గట్టిగా.

"ఔను," అంది పక్క గొంతు.

తెరమీద నది మధ్యలో నీళ్ళు కదిలాయి. పడవ అమ్మాయి చెయ్యి పైకొచ్చింది, తర్వాత తల, తర్వాత నవ్వుతున్న మొహం. తిరిగొచ్చింది! సామ్లీ కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు లేస్తాడు. ఇప్పుడు అరుస్తాడు. సిగ్గుతో చావడానికి ఆమె మనస్ఫూర్తిగా సిద్ధంగా ఉంది.

పక్కనున్నవాడు లేవలేదు.

"చూశావా... తిరిగొచ్చింది," అంది ఆమె.

"ఔను. తిరిగి రావడం మంచిదే."

గాలి అటునుంచి ఇటు తిరిగింది. ప్రయూన్ దగ్గర ఎప్పుడూ బొగ్గు వాసన, వెల్లుల్లి వాసన. ఇప్పుడు వస్తున్నది బురద వాసన. నది అడుగున ఏళ్ళ తరబడి కదలని బురద.

"హీరో ఇంతసేపూ అన్నం తినలేదు," అంది. "అయినా సినిమా బాగుంది కదా?"

"ఔను. బాగుంది."

"మన పెళ్ళినాడు... నువ్వు తాగి కాలవలో పడ్డావు. గుర్తుందా?"

అలాంటిదేమీ జరగలేదు. ప్రయూన్ జన్మలో తాగలేదు.

"ఔను... గుర్తుంది."

"నువ్వు... ప్రయూన్‌వేనా?"

కప్పలు ఎప్పుడు ఆగిపోయాయో ఆమెకి తెలియలేదు.

"ఔను."

ఇప్పుడూ ఆమె పక్కకి చూడలేదు. ఇప్పుడు... చూస్తే ఉంటాడేమోనని భయం.

దిగ్గున లేచింది. కుర్చీ వెనక్కి పడింది. తడి గడ్డిలో జారుతూ, పడుతూ వ్యాను దగ్గరికి పరిగెత్తింది. చోమ్ మిషను పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఆమె ముందు వరసవైపు వేలు చూపించింది. అతను చూశాడు. ఆమె కూడా అప్పుడే తిరిగి చూసింది. తెర వెలుగులో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి.

చోమ్‌కి అర్థమైంది. మొహం మాడిపోయింది.

"సీటు పట్టావా అక్కా?"

ఆమె తల ఊపింది.

"ఎవరికి?"

"మా ఆయనకి. కూర్చున్నది మా ఆయన కాదు చోమ్... అన్నిటికీ ఔనంటున్నాడు. మా ఆయన జన్మలో ఔననలేదు."

చోమ్ చేతిలో వేరుశనక్కాయలు అలాగే ఉండిపోయాయి.

"అయితే... ఇందాక ఇక్కడ నిలబడిన మనిషి ఎవరు?"

"ఎవరు?"

"ఆట మొదలైన కాసేపటికి వచ్చాడు. ఇదిగో, ఈ చక్రానికి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చో అన్నాను. నా సీటు ముందుంది, నా భార్య పట్టింది, కానీ ఎవరో కూర్చున్నారు అన్నాడు. ఇక్కడికొచ్చిన వాళ్ళని బతికున్నావా అని నేను అడగనక్కా, నా పని అది కాదు. అబ్బ, నోరు మూతపడితే ఒట్టు! వీడికి ఫోన్ లేదా అంటాడు. ఆ పిల్ల నీళ్ళలోంచి లేవగానే నా చెవి పగిలేట్టు అరిచాడు. చచ్చినవాళ్ళు తిరిగి రావడమేంటి, పచ్చి అబద్ధం అని!"

సామ్లీ వ్యాను తలుపు పట్టుకుంది.

"ఏడి? ఎటు వెళ్ళాడు?"

"ఇప్పుడే... నువ్వు లేవడానికి కొంచెం ముందే." చోమ్ ఆమె మొహం చూడలేక తల దించుకున్నాడు. "చాలాసేపు ముందు వరసవైపే చూస్తూ నిలబడ్డాడు. పోనీలే, మా ఆవిడకి సినిమాకి తోడు దొరికింది, ఇంక నేను తిరగక్కర్లేదు అన్నాడు. రోడ్డు వైపు వెళ్ళిపోయాడు."

ఆమె రోడ్డుమీదకి పరిగెత్తింది. "ప్రయూన్!" అని అరిచింది. "ప్రయూన్, అది నువ్వనుకున్నానయ్యా! నీకు చెప్పిన మాటలే అవి! వెనక్కి రా, నీతో పోట్లాడాలి, వెనక్కి రావయ్యా!" చెరుకు తోటలు అటూ ఇటూ చీకట్లో నిలబడి ఉన్నాయి. రోడ్డు చివరిదాకా ఎవరూ లేరు. గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. కడుపులోంచి వచ్చిన పిలుపు అది, ఉంటే వినేవాడే.

వెనక సినిమా నడుస్తూనే ఉంది. తెరమీద పడవ అమ్మాయి ప్రియుణ్ణి కలుసుకున్నట్టుంది, సన్నాయిలాంటి వాద్యం ఏదో మోగుతోంది. సామ్లీ రోడ్డు పక్కన తడి గడ్డిలో కూలబడింది. మోకాళ్ళమీద మొహం పెట్టుకుని ఏడ్చింది. అతను ఇంక రాడు. ఆ మాట ఆమెకి మొదటిసారి నిజంగా తెలిసింది. వచ్చినవాడిని తనే పంపేసింది.

"ఇంక జన్మలో సినిమా చూడను," అంది తనలో తనే. "ఎవరితోనూ చూడను."

గాలి ఆగిపోయింది. ఆమె పక్కన గడ్డి మెల్లగా వంగింది, మనిషి కూర్చున్నంత మేర.

"ఔను," అంది చెవి దగ్గర గొంతు. "మనం ఇంటికి పోదాం."